యల్లాప్రగడ సుబ్బారావు: పదహారు పేర్లలో ఏడో పేరు

రాయచూరు జిల్లాలో తెలుగువారు రెండు తీరులవారు. నిజాం కాలం నుంచీ ఇక్కడే ఉంటున్నవారు కొందరు. తుంగభద్ర ఎడమ కాలువకు నీళ్ళు వచ్చాక గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి వచ్చి సింధనూరు, మాన్వి చుట్టుపక్కల క్యాంపులు కట్టుకుని వరి వేసినవారు మరికొందరు. ఈ రెండో తీరు ఇళ్ళలో భీమవరం పేరు తెలియని ఇల్లు ఉండదు. పెళ్ళి సంబంధమో, పంచుకోని పొలమో, సంక్రాంతి ప్రయాణమో ఏదో ఒకటి ఇంకా ఆ ఊరితో ముడిపడే ఉంటుంది. యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టింది ఆ భీమవరంలోనే.

ఆయన మీద తెలుగులో వచ్చే రాతలు చాలావరకు ఒకే దారిన పోతాయి. గొప్ప మందులు కనిపెట్టారు, నోబెల్ ఇవ్వలేదు, లోకం అన్యాయం చేసింది అని ముగుస్తాయి. ఈసారి మేము ఆ దారి వదిలి, ఆయన అచ్చులో వదిలివెళ్ళిన పరిశోధన పత్రాల వైపు నుంచి ఆయన జీవితాన్ని చూద్దామనుకున్నాం. దీనికి కారణం ఉంది. మన ఇళ్ళ పిల్లలు ఇప్పుడు రాయచూరు వైద్య కళాశాలల్లో, ఇక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయంలో, బెంగళూరు, హైదరాబాదు ప్రయోగశాలల్లో ఉన్నారు. వాళ్ళ విలువను ఇవాళ పత్రాల సంఖ్యతోనూ సైటేషన్లతోనూ కొలుస్తున్నారు. సైటేషన్ అంటే పెద్ద విషయమేమీ కాదు. ఒకరి పత్రాన్ని తర్వాతివాళ్ళు తమ పత్రంలో ఆధారంగా చూపితే అదొక సైటేషన్. పెళ్ళిపత్రికలో ఎవరి పేరు ఎక్కడ వేయాలన్న పంచాయితీ మనకు తెలిసిందే. శాస్త్రలోకంలో అలాంటి పంచాయితీ మీద ఉద్యోగాలే ఆధారపడి ఉంటాయి.

ముందు బాల్యం, చదువు గురించి క్లుప్తంగా చెప్పుకుందాం, ఎందుకంటే ఇది చాలామందికి తెలిసిన కథే. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఇంట్లో డబ్బు లేదు. రాజమండ్రిలో చదువుతూ మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు. ప్రెసిడెన్సీ కళాశాల తర్వాత మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. గాంధీగారి పిలుపు విని శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు వేసుకెళ్ళినందుకు ఆంగ్లేయ ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు కోపం వచ్చింది. చివరకు ఎంబీబీఎస్ పట్టా బదులు అంతకంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్ చేతికి వచ్చింది. అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. తిన్నది ఒంటబట్టకుండా, నెత్తురు పలచబడి మనిషి క్షీణించిపోయే జబ్బు అది. సుబ్బారావుకూ అది సోకింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకుని, మద్రాసు ఆయుర్వేద కళాశాలలోనే కొంతకాలం పాఠాలు చెప్పారు. 1922లో మామగారి డబ్బు, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం కలుపుకుని ఓడెక్కారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయింది. ఆయన మళ్ళీ ఈ గడ్డ మీద కాలు పెట్టలేదు.

బోస్టన్‌లో దిగినప్పుడు చేతిలో ఉన్నది అక్కడివాళ్ళు లెక్కచేయని పట్టా. హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం డిప్లొమా చదువుతూ, రాత్రిళ్ళు ఆసుపత్రిలో రోగుల మలమూత్రాలు ఎత్తే పని చేశారు. తర్వాత అదే విశ్వవిద్యాలయంలో జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు.

అక్కడ ఆయనకు దొరికిన పని పైకి చాలా చిన్నది. నెత్తుట్లో, మూత్రంలో, కండలో భాస్వరం ఎంత ఉందో కొలవాలి. అప్పటికి బెల్, డాయిజీ ఇద్దరూ 1920లో ఒక పద్ధతి ఇచ్చారు, దాన్ని బ్రిగ్స్ కొంత సవరించాడు. అయినా రంగు నిలకడగా ఉండేది కాదు, ఇతర పదార్థాలు అడ్డుపడేవి. ఫిస్కే, సుబ్బారావు కలిసి భాస్వరాన్ని మాలిబ్డేటుతో కలిపి, దాన్ని నీలం రంగులోకి మార్చేందుకు అమైనోనాఫ్తాల్‌సల్ఫానిక్ ఆమ్లం వాడారు. నీలం ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. ఈ పద్ధతి 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ 66వ సంపుటంలో, 375 నుంచి 400 పేజీల దాకా అచ్చయింది. రచయితలుగా రెండు పేర్లున్నాయి. మొదటిది ఫిస్కేది, రెండోది సుబ్బారావుది.

ఎంబీబీఎస్ మొదటి ఏడాది చదివినవారిని అడిగి చూడండి. సీరం భాస్వరం కొలిచే ప్రయోగం దగ్గర ఫిస్కే, సుబ్బారావు పేర్లు రికార్డు పుస్తకంలో రాసే ఉంటారు. మన క్యాంపుల రైతులు మట్టి పరీక్షకు పంపినప్పుడు అందుబాటులో ఉన్న భాస్వరం ఎంతో తేల్చేదీ ఈ నీలం రంగుకు దాయాది అయిన పద్ధతే. అక్కడ రంగు తెప్పించే రసాయనం వేరు, కానీ మాలిబ్డేటు, నీలం అవే.

ఒక పద్ధతిని చెప్పే పత్రానికి సైటేషన్లు ఎందుకు ఎక్కువ వస్తాయో ఇక్కడ తెలుస్తుంది. భాస్వరం కొలిచిన ప్రతివాడూ ఏ పద్ధతిలో కొలిచాడో చెప్పాలి కదా. ఎముకల మీద పనిచేసేవాడూ, మూత్రపిండాల మీద పనిచేసేవాడూ, మొక్కల మీద పనిచేసేవాడూ, జీవకణాల పొరల్లో కొవ్వు కొలిచేవాడూ అందరూ ఈ 1925 పత్రాన్నే చూపారు. అమెరికాలో యూజీన్ గార్‌ఫీల్డ్ 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ మొదలుపెట్టి, ఎవరు ఎవరిని ఉదహరించారో లెక్కలు కట్టాడు. లోకంలో అత్యధికంగా ఉదహరించిన పత్రాలంటూ ఆయన వేసిన జాబితాల్లో, అచ్చయి దశాబ్దాలు దాటిన ఈ పత్రం ఉంది. ఆ జాబితాల్లో మొదటి స్థానం 1951లో లౌరీ రాసిన పత్రానిది. అదీ కొలిచే పద్ధతే, ప్రొటీన్‌ది. పెద్ద పెద్ద ఆవిష్కరణలకంటే కొలబద్దలకే ఎక్కువ సైటేషన్లు పడతాయన్నది ఈ లెక్కల్లో మొదటి నుంచీ కనిపిస్తున్న సంగతి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. అచ్చులో వచ్చిన ఆ ఇండెక్సులో ఉదహరించిన పత్రాలను మొదటి రచయిత పేరు కిందే పెట్టేవారు. అంటే ఈ పత్రానికి పడిన సైటేషన్లన్నీ ఫిస్కే పేరు కింద వరుస కట్టాయి. సుబ్బారావు పేరు తీసి వెతికినవారికి ఆ కొండంత లెక్కలో పిసరంత కూడా కనిపించేది కాదు. ఎవరూ కుట్ర చేయలేదు, జాగా మిగుల్చుకోవడానికి పెట్టుకున్న నియమం అది. అయినా దెబ్బ రెండో పేరువాడికే తగిలింది.

ఇంతకీ ఆ కొలబద్ద కొలబద్దగానే మిగిలిపోలేదు. కండరం నుంచి తీసిన రసంలో భాస్వరం కొలుస్తుంటే నీలం రంగు ఒక్కసారిగా రాక, నెమ్మదిగా చిక్కబడుతూ పోయింది. ఇంకొకరైతే పద్ధతిలో లోపమనుకుని సరిచేసుకునేవారు. వీళ్ళిద్దరూ అలా వదిలేయలేదు. కండలో తేలిగ్గా విడిపోయే భాస్వర పదార్థం ఏదో ఉందనీ, అది విడిపోతున్నకొద్దీ రంగు పెరుగుతోందనీ గ్రహించారు. దాన్ని వేరుచేసి, అది క్రియాటిన్‌తో భాస్వరం కలిసిన ఫాస్ఫోక్రియాటిన్ అని తేల్చి, 1927 ఏప్రిల్‌లో సైన్స్ పత్రికలో ప్రకటించారు. ఆ రోజుల్లోనే ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులూ ఇదే పదార్థం జాడ పట్టారు కానీ అందులో క్రియాటిన్ ఉందని చెప్పింది వీళ్ళు. కండ పనిచేయడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని అప్పటిదాకా పాఠం. ఆ దారిలో చేసిన పనికే హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ బహుమతి వచ్చింది. ఫాస్ఫోక్రియాటిన్ దొరికాక ఆ పాఠం తిరగరాయాల్సి వచ్చింది.

రెండేళ్ళకు, 1929 అక్టోబరు 18న, అదే సైన్స్ పత్రికలో మరో చిన్న పత్రం వచ్చింది. రెండు పేజీలు మించదు. కండలో, కాలేయంలో ఉన్న భాస్వర పదార్థాల గురించి. ప్రతి ప్రాణిలో శక్తిని మోసే ఏటీపీ ఇందులో ఉంది. ఇవాళ పదో తరగతి పిల్లలు కూడా ఏటీపీ అంటారు. ఏటీపీ గురించి రాసేవాళ్ళు ఎవరూ ఇప్పుడు 1929 పత్రాన్ని ఉదహరించరు. అందరికీ తెలిసిన విషయానికి ఆధారం చూపాల్సిన పని లేదు. సైటేషన్ లెక్క ఇక్కడ తలకిందులవుతుంది. పని ఎంత లోతుగా దిగితే అంత తొందరగా దాని పేరు రాలిపోతుంది.

ఈ సందర్భంలో ఒక మాట చెప్పక తప్పదు. ఏటీపీని సుబ్బారావే మొదట కనిపెట్టారని మనవాళ్ళు రాసుకోవడం సరికాదని మా అభిప్రాయం. జర్మనీలో కార్ల్ లోమన్ ఎవరి సాయం లేకుండా అదే పదార్థం కనుక్కున్నాడు, అతని పత్రం అదే ఏడాది ఆగస్టులో, అంటే రెండు నెలలు ముందే అచ్చయింది. ఇద్దరూ స్వతంత్రంగా చేరుకున్నారని చెబితే సుబ్బారావు గౌరవం తగ్గదు. లేనిది కలిపితే ఉన్నదాన్నీ నమ్మరు.

1930లో ఆయనకు పీహెచ్‌డీ వచ్చింది. ఇంత పని చేసిన మనిషికి హార్వర్డ్ స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. ఆ ప్రయోగశాలలో అప్పట్లో విద్యార్థిగా ఉన్న జార్జ్ హిచింగ్స్, తర్వాత 1988లో నోబెల్ అందుకున్నవాడు, ఫిస్కే తీరు గురించి చాలా ఏళ్ళకు చెప్పాడు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్ పదార్థాలు ఫిస్కే బయటికి రానివ్వకపోవడం వల్ల వెలుగు చూడలేదనీ, వాటిని ఇతరులు ఏళ్ళ తర్వాత మళ్ళీ కనుక్కోవాల్సి వచ్చిందనీ దాని సారాంశం. అచ్చు కానిదాన్ని ఎవరూ ఉదహరించలేరు. ఈ పదేళ్ళలో సుబ్బారావు చేసిన పనిలో ఎంత ఏ సొరుగులో ఉండిపోయిందో ఏ లెక్కకూ అందదు. ఆయన మాత్రం ఊరికే కూర్చోలేదు. రక్తహీనతను నయంచేసే పదార్థం కోసం కాలేయపు రసాన్ని ఏళ్ళ తరబడి వడకట్టారు, బెర్నార్డ్ జాకబ్‌సన్‌తో కలిసి దాని మీద పత్రాలు రాశారు. ఆ వేటలో చివరి గెలుపు, విటమిన్ బి12, 1948లో ఇతరులకు దక్కింది.

1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్ళారు. పరిశోధన అంతటికీ అధిపతి అయ్యారు. ఇక్కడి నుంచి ఆయన పత్రాల తీరు పూర్తిగా మారిపోయింది. హార్వర్డ్‌లో ఆయన చేత్తో పనిచేసి రెండో పేరుగా నిలిచారు. లెడర్లీలో పదుల మందికి దారి చూపి, పేర్ల గుంపులో కలిసిపోయారు, కొన్నిచోట్ల అసలు కనిపించకుండా పోయారు.

ఫోలిక్ ఆమ్లం సంగతి చూడండి. 1920ల చివర్లో బొంబాయిలో గర్భిణీ స్త్రీల రక్తహీనత మీద పనిచేసిన లూసీ విల్స్ దాని జాడ మొదట పట్టింది. 1941లో పాలకూర నుంచి తీసినవాళ్ళు ఆ పేరు పెట్టారు. దాన్ని శుద్ధిగా వేరుచేసి, ప్రయోగశాలలో తయారుచేసి, నిర్మాణం తేల్చింది సుబ్బారావు బృందం. 1945లో సైన్స్ పత్రికలో వచ్చిన ఆ పత్రం మీద 16 పేర్లున్నాయి. లెడర్లీ వాళ్ళ పేర్లు అక్షర క్రమంలో, ఆ తర్వాత వారి సోదర సంస్థ కాల్కో వాళ్ళ పేర్లు అక్షర క్రమంలో. మొదటి పేరు ఆంజియర్. సుబ్బారావుది ఏడోది. అధిపతిని కాబట్టి నా పేరు ముందు ఉండాలి అనలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో ఎస్ ఎక్కడ వస్తే అక్కడ నిలబడ్డారు.

మన దేశంలో 2015లో అప్పటి భారత వైద్య మండలి ఒక నిబంధన పెట్టింది. వైద్య కళాశాలల్లో పదోన్నతికి మొదటి, రెండో రచయితగా ఉన్న పత్రాలనే లెక్కలోకి తీసుకోవాలన్నది దాని సారం. తర్వాత దాన్ని సడలించారు. ఆ నిబంధన ప్రకారం చూస్తే ఫోలిక్ ఆమ్లం పత్రం సుబ్బారావు ఖాతాలో పడదు. ఊరికే పేర్లు తగిలించుకునేవారిని ఆపడానికి ఆ నియమం పెట్టారని మాకు తెలుసు, ఆ బెడద నిజమైనదే. కానీ గుంపుగా చేసే పనిలో ఎవరు ఏం చేశారో వరుస సంఖ్య చెప్పదు.

ఆ ఫోలిక్ ఆమ్లం ఇవాళ ఇనుముతో కలిపిన మాత్రగా ఆశా కార్యకర్తల సంచిలోంచి మన కోడళ్ళ చేతికి వస్తోంది. తన అన్నదమ్ములను తీసుకుపోయిన స్ప్రూ జబ్బుకు కూడా అదే మందుగా పనిచేస్తుందని సుబ్బారావు బతికుండగానే తేలింది.

ఫోలిక్ ఆమ్లానికి విరుద్ధంగా పనిచేసే పదార్థాలను కూడా లెడర్లీలోనే తయారుచేశారు. బోస్టన్‌లో డాక్టరు సిడ్నీ ఫార్బర్ వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి చూశాడు. 16 మందిలో 10 మందికి జబ్బు కొంతకాలం తగ్గుముఖం పట్టింది. అప్పటిదాకా ఆ జబ్బు వస్తే వారాల్లో లెక్క. 1948 జూన్ 3న న్యూ ఇంగ్లండ్ వైద్య పత్రికలో ఆ సంగతి వచ్చింది. దాని మీద అయిదు పేర్లున్నాయి, అందరూ బోస్టన్ డాక్టర్లే. క్యాన్సర్‌కు మందుతో వైద్యం మొదలైన రోజుగా చరిత్ర చెప్పుకునే ఆ పత్రం రచయితల్లో సుబ్బారావు లేరు. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్ 1950లలో గర్భసంచిలో పుట్టే ఒక రకం క్యాన్సర్‌ను పూర్తిగా నయం చేసింది. ఇప్పుడు కీళ్ళవాతానికి వారానికి ఒకసారి వేసుకునే మాత్ర కూడా అదే. మన పెద్దవాళ్ళలో చాలామందికి డాక్టరు ఒక రోజు మెథోట్రెక్సేట్, మరో రోజు ఫోలిక్ ఆమ్లం రాస్తారు. ఒకటి దెబ్బ, ఇంకొకటి ఆ దెబ్బకు మందు. రెండూ ఒకే ప్రయోగశాల సంతానం.

ఆరియోమైసిన్ కథ కూడా ఇలాంటిదే. డెబ్బై దాటాక లెడర్లీలో చేరిన బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ మట్టిలో దొరికిన బంగారు రంగు సూక్ష్మజీవి నుంచి దాన్ని తీశాడు. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అది పెద్దక్క. 1948లో వెలువడిన పత్రం మీద డగ్గర్ పేరు ఒక్కటే ఉంది. పరిశోధన నడిపించిన సుబ్బారావు అందులో తన పేరు కలపలేదు. అది డగ్గర్ పని, డగ్గర్ పేరే ఉండాలి. మాకైతే ఇదే ఆయన పత్రాల జాబితాలో అన్నిటికంటే గొప్ప గీత అనిపిస్తుంది, ఆయన పేరు లేని గీత.

మన జిల్లాకు నేరుగా తగిలేది హెట్రజాన్. డైఇథైల్‌కార్బమజిన్ అంటారు, ఆరోగ్య కార్యకర్తలు పొడిగా డీఈసీ అంటారు. బోదకాలుకు మందు. కాలువ నీళ్ళు, వరి మళ్ళు, వీధి మురుగు, దోమలు అనేవి గోదావరి డెల్టా నుంచి తుంగభద్ర ఆయకట్టు దాకా మనవాళ్ళ వెంటే ఉన్నాయి. కర్ణాటకలో బోదకాలు ఉన్న జిల్లాల జాబితాలో కలబురగి, బీదరు, యాదగిరితో పాటు రాయచూరు కూడా ఉంది. ఏడాదికొకసారి ఇంటింటికీ తిరిగి కళ్ళ ముందే మింగించే మాత్రల్లో డీఈసీ ఒకటి. రెండేళ్ళ లోపు పిల్లలకు, గర్భిణులకు, జబ్బు తీవ్రంగా ఉన్నవారికి ఇవ్వరు. దీన్ని ప్రకటించిన పత్రం 1947లో ప్రయోగశాల వైద్య పత్రిక 32వ సంపుటంలో వచ్చింది. ఆరుగురు రచయితలు. హెవిట్ మొదటి పేరు, సుబ్బారావు చివరి పేరు. ఈ మందు లోకమంతటా కోట్ల మందికి చేరింది. ఎవరి కాలు ఉబ్బలేదో ఆ లెక్క మాత్రం ఏ ఇండెక్సూ వేయదు.

1948 ఆగస్టులో పెర్ల్ రివర్‌లో నిద్రలోనే గుండె ఆగిపోయింది. 53 ఏళ్ళు. ఫార్బర్ పత్రం వచ్చి అప్పటికి రెండు నెలలు. అమెరికా 1946లో భారతీయులకు పౌరసత్వ అర్హత ఇచ్చినా ఆయన ఆ పని పూర్తిచేయలేదు, చివరిదాకా మన దేశస్థుడిగానే ఉండిపోయారు. తర్వాత లెడర్లీ శాస్త్రజ్ఞులు ఒక బూజు జాతికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. విలేకరి ఎస్.పి.కె. గుప్తా ఎంతో కష్టపడి ఉత్తరాలు, జ్ఞాపకాలు పోగుచేసి 1987లో జీవితచరిత్ర తెచ్చారు. శతజయంతికి, 1995లో, భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ వేసింది.

ఇంటర్నెట్‌లో ఆయన పత్రాలు వెతకాలనుకునే మన పిల్లలకు ఒక పనికొచ్చే మాట. మన పద్ధతిలో ఇంటిపేరు ముందు వస్తుంది. అమెరికావాళ్ళు ముందున్నదే సొంత పేరనుకుని యల్లాప్రగడను పిలిచే పేరుగా, సుబ్బారావును ఇంటిపేరుగా పెట్టుకున్నారు. స్నేహితులు యెల్లా అని పిలిచేవారు. పైగా రావును పాతకాలం ఇంగ్లీషు తీరులో చివర డబ్ల్యూ పెట్టి రాసేవారు. అందుకే సూచికల్లో సుబ్బా, రో కలిపి ఒకచోట, విడగొట్టి ఇంకోచోట, చివర ఓ అక్షరంతో మరోచోట ఉంటుంది. ఇంటిపేరు కింద వెతికితే దాదాపు ఏమీ దొరకదు. ఇక్కడ స్కూలు సర్టిఫికెట్లో ఒక తీరుగా, ఆధార్‌లో ఒక తీరుగా, పాస్‌పోర్టులో ఇంకో తీరుగా పేర్లున్న ఇళ్ళు మనలో ఎన్నో ఉన్నాయి. మొదటి పత్రం అచ్చుకు పంపే ముందే ఏ పేరుతో రాయాలో ఒక్కటి తేల్చుకుని, చివరిదాకా అదే రాయమని వాళ్ళకు చెప్పండి. ఇప్పుడు ఓర్కిడ్ అనే ఉచిత గుర్తింపు సంఖ్య కూడా ఇస్తున్నారు, పేరు ఎలా రాసినా ఆ సంఖ్య కింద పత్రాలన్నీ ఒక్కచోట చేరతాయి.